బందరు: మన మెట్ట సీమకు సముద్రపు వాకిలి

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల వారికి బందరు అంటే చాలా ఏళ్ళు కలెక్టరాఫీసు ఉన్న ఊరు. భూమి తగాదా వచ్చినా, జిల్లా పరిషత్తులో పని పడినా తెల్లవారుజామునే బస్సెక్కి బెజవాడ మీదుగా బందరు పోవలసిందే. పని అయినా కాకపోయినా కోనేరు సెంటరులో ఒక కిలో లడ్డూలు కట్టించుకొని రాత్రికి ఇల్లు చేరేవాళ్ళం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. మన మెట్ట మండలాలు ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. బందరు కృష్ణా జిల్లాకు ముఖ్యపట్టణంగా ఉండిపోయింది. ఇప్పుడు ఆఫీసు పని కూడా లేదు కాబట్టి, ఆ ఊరితో మన పిల్లలకున్న కాస్త పరిచయమూ తెగిపోతున్నది.

బడిలో సాంఘిక శాస్త్రం చెప్పే మాకు ఇది బాగా తెలుస్తుంది. ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నం వచ్చారని పిల్లలు ఠక్కున చెబుతారు. వాళ్ళు ఎందుకు వచ్చారు, ఆ ఓడల్లోకి ఎక్కిన సరుకు ఎవరు తయారుచేశారు, ఏ దారిన రేవు చేరింది అని అడిగితే మాత్రం తరగతి నిశ్శబ్దమవుతుంది. ఆ సరుకులో మన మెట్ట పత్తి ఉంది, మన చుట్టుపక్కల నేలలోని వజ్రాలున్నాయి. గోల్కొండ నుంచి రేవుకు పోయే దారి మన సీమ మీదుగానే సాగింది. కాబట్టి బందరు చరిత్ర మనకు పరాయి చరిత్ర కాదు. ఆ ఊరు ఎలా పెరిగింది, ఎలా తగ్గింది, తగ్గాక దానికి ఏమి మిగిలింది అన్నది దానధర్మాలు చేసే మన పెద్దలు తెలుసుకోదగిన సంగతి అని మా నమ్మకం.

నేల తీరు

జగ్గయ్యపేట నుంచి బందరుకు రోడ్డు మీద సుమారు 150 కిలోమీటర్లు. ఈ దూరంలో నేల రూపం పూర్తిగా మారిపోతుంది. పేట, నందిగామల దగ్గర నల్లరేగడి, ఎర్ర చెలకలు. పంటలు పత్తి, మిరప, అపరాలు. కీసర దగ్గర మునేరు దాటి కంచికచర్ల, ఇబ్రహీంపట్నం వైపు పోతే కొండపల్లి కొండలు వస్తాయి. బెజవాడలో ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ మధ్య నుంచి కృష్ణ బయటపడుతుంది. ఆ తరువాత కొండ అన్నది కనబడదు. కంకిపాడు, వుయ్యూరు, పామర్రు, నిడుమోలు మీదుగా బందరు దాకా బల్లపరుపు నేల. వరి, చెరకు, కొబ్బరి, ఆ తరువాత చేపల చెరువులు, చివరకు ఉప్పు నేలలు.

ఆ బల్లపరుపు నేలంతా నది తెచ్చి పోసినదే. మన పాలేరు, వైరా, మునేరు నీళ్ళు చివరకు కృష్ణలోనే కలుస్తాయి. మన చేల మీద వానకు కొట్టుకుపోయిన మట్టి కూడా వేల ఏళ్ళుగా ఆ డెల్టాలో చేరుతూనే ఉంది. ఆ మట్టి వల్లనే దిగువన బంగారం పండుతున్నది. ఆ మట్టి వల్లనే బందరు దగ్గర సముద్రానికి లోతు లేకుండా పోయింది. రేవుకు సరుకు పంపిందీ మన సీమే, దాన్ని పూడ్చిన మట్టిలో కొంత భాగమూ మన సీమదే.

బందరు ఊరు సరిగ్గా అలల అంచున లేదు. సముద్రపు పోటు నీరు లోపలికి వచ్చి పోయే ఒక పాయను ఆనుకొని ఉంది. గిలకలదిండి దగ్గర ఇప్పటికీ చేపల పడవలు ఆ పాయలోకే వస్తాయి. పెద్ద ఓడకు చాలినంత లోతు తీరం నుంచి కొన్ని మైళ్ళు పోతే గాని దొరకదు. అందువల్ల పూర్వం ఓడలు దూరంగా లంగరు వేసుకునేవి. సరుకునూ మనుషులనూ పడవల మీద ఒడ్డుకు చేర్చేవారు. చెక్కలకు మేకులు కొట్టకుండా కొబ్బరి పీచు తాళ్ళతో కుట్టిన పడవలు ఈ తీరమంతటా వాడేవారు. మేకులు కొట్టిన పడవ అల తాకిడికి పగిలిపోతుంది. కుట్టిన పడవ కాస్త సాగి, దెబ్బను ఓర్చుకుంటుంది. ఇంగ్లీషువారు వాటిని మసూలా పడవలు అన్నారు.

ఇంత అసౌకర్యం ఉన్న చోట రేవు ఎందుకు పెరిగింది? తూర్పు తీరంలో సహజమైన ఓడరేవులు అరుదు. ఇక్కడ దక్షిణాన దివిసీమ సముద్రంలోకి చొచ్చుకొని ఉండటం వల్ల కొంత మరుగు దొరికేది. అయితే అసలు కారణం సముద్రం వైపు లేదు, నేల వైపు ఉంది. ఈ రేవు వెనుక పత్తి పండే మెట్ట, రంగు వేర్లు దొరికే ఇసుక నేలలు, వజ్రాల గనులు, నేత ఊళ్ళు, వీటన్నిటినీ ఏలే ఒక రాజధాని ఉన్నాయి.

పేర్లలోని చరిత్ర

ఈ తీరం పేరు చాలా పాతది. ఒకటవ శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన ‘పెరిప్లస్’ అనే సముద్రయాన గ్రంథంలో ‘మసాలియా’ అని ఉంది. అక్కడ సన్నని నూలు బట్టలు విస్తారంగా తయారవుతాయని ఆయన రాశాడు. రెండవ శతాబ్దంలో టాలెమీ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు దీన్ని ‘మైసోలియా’ అన్నాడు. మచిలీపట్నం అన్న పేరును చేపతో ముడిపెట్టి చెప్పే కథలు తరువాత వచ్చాయి.

‘బందరు’ మాత్రం పారసీ మాట. బందర్ అంటే రేవు. ఇరాన్‌లో నేటికీ బందర్ అబ్బాస్ అనే రేవు పట్టణం ఉంది. రేవు అధికారిని షాబందర్ అనేవారు. రుమాలు, కలం, రసీదు, దస్తావేజు వంటి మాటలు కూడా పారసీ వాడుక నుంచి వచ్చి మన తెలుగులో స్థిరపడ్డాయి. నందిగామ సంతలో రసీదు అడిగే రైతు ఏ మతం వాడైనా ఆ పాత పరిచయాన్ని తెలియకుండానే పలుకుతున్నాడు.

ధనబోడు నుంచి ఘంటసాల దాకా

మన మెట్టకూ తీరానికీ బంధం గోల్కొండ నవాబులతో మొదలు కాలేదు. జగ్గయ్యపేట పక్కన ధనబోడు మీద బౌద్ధ స్తూపం ఉంది. అక్కడ దొరికిన మూడవ శతాబ్దపు శాసనం ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని కాలం నాటిది. సిద్ధార్థుడనే ఒక పనివాడు, శిల్పకారుడు, స్తూపానికి ఐదు ఆయక స్తంభాలు దానం చేశాడని అందులో ఉంది. అతడు రాజు కాదు, జమీందారు కాదు. చేతి పని చేసుకొని బతికే మనిషి. దానం చేయడానికి కోటీశ్వరుడే కానక్కరలేదని మన ఊరి రాయి పదిహేడు వందల ఏళ్ళుగా చెబుతున్నది.

అటు చివరన, బందరుకు దగ్గరలో ఘంటసాల ఉంది. అదీ బౌద్ధ క్షేత్రమే, ఆనాటి వర్తక స్థానమే. అక్కడి శాసనాల్లో ఒక మహానావికుని పేరు కనబడుతుంది. మెట్టలో శిల్పి, తీరంలో నావికుడు, ఇద్దరూ దాతలే. వారి మధ్య కృష్ణా నది, దాని గట్టున బండ్ల బాట. నేటి జగ్గయ్యపేట మాత్రం చాలా తరువాతి ఊరు. పూర్వం బేతవోలు అనే గ్రామం ఉన్న చోట రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరిట ఈ పేటను కట్టించారు.

గోల్కొండ కాలం

కుతుబ్‌షాహీల ఏలుబడిలో, 16వ శతాబ్దం రెండవ సగం నుంచి బందరు దశ తిరిగింది. గోల్కొండ రాజ్యానికి ఇది సముద్రద్వారం. ఇరాన్ నుంచి వర్తకులు, పండితులు, ఉద్యోగార్థులు ఈ రేవులో దిగి, బెజవాడ మీదుగా గోల్కొండకు నడిచారు. ఆ దారిలో హైదరాబాదు చివరన ఉన్న హయత్‌నగర్‌లో బాటసారుల సరాయి, మసీదు వెలిశాయి. అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి హయాత్ బక్షీ బేగం పేరే ఆ ఊరి పేరు. 1639లో అబ్దుల్లా స్వయంగా పరివారంతో బందరు దాకా వచ్చాడు.

అలా వచ్చినవారిలో మహమ్మద్ సయ్యద్ ఒకడు. ఇరాన్ నుంచి గోల్కొండ చేరి, బందరులో అధికారిగా పనిచేసి, సొంత ఓడలు నడిపి, చివరకు రాజ్యానికే ప్రధానమంత్రి అయ్యాడు. చరిత్రలో మీర్ జుమ్లాగా ప్రసిద్ధుడు. తరువాత మొగలుల కొలువుకు మారాడు. రేవు పట్టణంలో లెక్కలూ భాషలూ తెలిసినవాడు ఎంత ఎత్తుకు పోగలడో చూపడానికి ఆయన జీవితం ఒక ఉదాహరణ.

డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో ఇక్కడ తమ కోఠీలు పెట్టుకున్నారు. తూర్పు తీరంలో ఇంగ్లీషు కంపెనీకి ఇదే మొదటి స్థావరం. వారికి కావలసింది ముఖ్యంగా మన నూలు బట్ట. ఇండోనేషియా దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనాలంటే అక్కడివారు వెండి కంటే ఈ తీరపు అద్దకం బట్టలనే ఇష్టపడేవారు. డచ్చివారు నీలిమందు కోసం, బట్టల కోసం మనకు పక్కనే, ఇప్పటి ఖమ్మం జిల్లాలోని నాగులవంచ దాకా వచ్చి 1669లో కార్యాలయం తెరిచారు. సముద్రం చూడని పల్లె కూడా సముద్ర వ్యాపారంలో భాగమైందన్నమాట.

1618 నుంచి 1622 దాకా బందరులో ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగిగా ఉన్న విలియం మెథ్వోల్డ్ ఈ ఊరిని వర్ణించాడు. ఊరు చిన్నదే గాని జనం కిక్కిరిసి ఉన్నారట. చుట్టూ ప్రాకారం లేదు, ఇళ్ళ కట్టుబడి బాగాలేదు, బావుల నీళ్ళు ఉప్పన, పెద్ద పోటు వస్తే చుట్టూ అర మైలు దాకా నీళ్ళే. తరువాత వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే కూడా ఇళ్ళన్నీ చెక్కవేనన్నాడు. అయినా బంగాళాఖాతంలో ఓడలు ఆగడానికి ఇదే మేలైన చోటని, పెగూ, సయాం, అరకాన్, మక్కా, హోర్ముజ్ వైపు ఇక్కడి నుంచే ఓడలు సాగుతాయని రాశాడు. ఆయన చెప్పిన మజిలీల్లో బెజవాడ, వుయ్యూరు, నిడుమోలు గుర్తుపట్టవచ్చు. మన బస్సు నేటికీ ఆ దారినే పోతున్నది.

వజ్రాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. కృష్ణకు అవతలి ఒడ్డున కొల్లూరు గని ఉండేది. అక్కడ 60 వేల మంది పనిచేసేవారని టావెర్నియే రాశాడు. మన వైపు నందిగామకు దగ్గరలోని పరిటాల కూడా వజ్రాలకు పేరుపొందిన ఊరే. గనిలో దిగిన కూలీ పేరు ఏ గ్రంథంలోనూ లేదు. రాళ్ళకు మాత్రం పేర్లున్నాయి.

మెథ్వోల్డ్ రాసినవాటిలో మాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన మాట ఒకటుంది. బందరు నుంచి ఎర్ర సముద్రంలోని మోఖాకు ఓడలు జనవరిలో బయలుదేరి సెప్టెంబరు, అక్టోబరుల్లో తిరిగి వచ్చేవి. ఋతుపవనాలను బట్టి నడిచే ప్రయాణం కాబట్టి ఆ లెక్క తప్పడానికి వీల్లేదు. ఆ ఓడల మీద గోల్కొండ సుల్తాను ఏటేటా కొంత బియ్యం పంపేవాడట. మక్కా, మదీనాలకు వచ్చే యాత్రికులకు దానంగా పంచడానికి. ఆ బియ్యం గోల్కొండ రాజ్యపు పొలాల్లో పండినది. దాన్ని పండించిన రైతుల్లో, బస్తాలు మోసిన హమాలీల్లో, పడవలు నడిపిన సరంగుల్లో అన్ని కులాలవారు, మతాలవారు ఉండి ఉంటారు. హజ్‌కు పోయే మనిషి ఇప్పుడు విమానంలో కొన్ని గంటల్లో జిద్దా చేరుతున్నాడు. అప్పుడు పోయిరావడానికి ఏడాదిలో ముప్పాతిక భాగం పట్టేది.

రంగు పోని బట్ట

బందరు పేరును లోకానికి చాటింది అద్దకం. కలంకారీ అంటే కలంతో చేసే పని. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. బందరు, పెడన ప్రాంతంలో టేకు చెక్క అచ్చులతో అద్దుతారు. తీగలు, పూలు, పిట్టలు, దేవదారు వంటి చెట్లు, ఇరాన్ తివాచీల మీద కనబడే అల్లికలు ఈ అచ్చుల్లో చేరడానికి కారణం మనకు తెలిసిందే. కొన్నవారి అభిరుచి అది. చెక్కినవాడు, అద్దినవాడు మనవాళ్ళు.

ఆ పనిలోని శాస్త్రం మన విద్యార్థులకు చెప్పదగినది. ముందు బట్టలోని గంజి, జిడ్డు పోయేలా ఉతికి చలువ చేస్తారు. తరువాత కరక్కాయ రసం, గేదె పాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును పాకనీయదు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం కలిపి రోజుల తరబడి నానబెట్టిన నీరు నలుపుకు ఆధారం. అది కరక్కాయ పట్టిన బట్టకు తగలగానే నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక అద్దుతారు. అప్పుడు బట్టను పారే నీటిలో జాడించి, చిరివేరు వేసిన కాగులో ఉడకబెడతారు. పటిక ఉన్న చోటనే ఎరుపు పట్టుకుంటుంది. మిగిలిన చోట పట్టదు. రంగుకూ బట్టకూ మధ్య పటిక ఒక కొక్కెంలా పనిచేస్తుంది.

ఈ కిటుకు ఆనాడు ఐరోపావారికి ఇంత బాగా తెలియదు. వారి రంగు ఉతికితే పోయేది. మన రంగు ఉతికిన కొద్దీ తేటపడేది. అందుకే అక్కడ దీనికోసం ఎగబడ్డారు. ఎంతగా అంటే, తమ నేతగాళ్ళు దెబ్బతింటున్నారని ఫ్రాన్సు ప్రభుత్వం 1686లో ఈ అద్దకాలను నిషేధించింది. ఇంగ్లండు కూడా 18వ శతాబ్దం మొదట్లో ఒకసారి, 1721లో మరింత గట్టిగా చట్టాలు చేసింది. తరువాత యంత్రాల మీద అవే నమూనాలు అచ్చువేసి మనకే అమ్మింది.

రేవు ఎందుకు తగ్గింది

బందరు ఒక్క రోజులో పడిపోలేదు. చాలా కారణాలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. మొదటిది, 1639లో ఇంగ్లీషువారు మద్రాసులో సొంత కోట కట్టుకోవడానికి చోటు సంపాదించారు. కొద్ది ఏళ్ళలోనే వారి ముఖ్య కార్యాలయం బందరు నుంచి అక్కడికి మారింది. రెండవది, 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచాడు. రేవును పోషించిన రాజధాని పోయింది. తరువాత ఫ్రెంచివారు ఊరిని పట్టుకున్నారు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డ్ సేన రాత్రివేళ ముట్టడించి వారి నుంచి కోటను తీసుకుంది. దానితో ఉత్తర సర్కారుల్లో ఫ్రెంచివారి పలుకుబడి ముగిసింది, ఇంగ్లీషువారి ఏలుబడికి దారి పడింది.

మూడవ కారణం బట్ట. లాంకషైర్ మరనూలు బట్ట వచ్చాక మన నేతకు గిరాకీ పోయింది. నాలుగవది లోతు. తెరచాప ఓడలు పోయి పెద్ద ఆవిరి ఓడలు వచ్చాయి. వాటికి లోతైన రేవు కావాలి. మద్రాసులో కృత్రిమ రేవు కట్టారు, 1933లో విశాఖ రేవు తెరిచారు. బందరు పాయ నోట్లో మాత్రం ఇసుక పేరుకుంటూ పోయింది.

ఐదవది 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుఫాను. సముద్రం గోడలా లేచి ఊరి మీద పడింది. సుమారు 30 వేల మంది చనిపోయారు. 250 ఏళ్ళ ముందు మెథ్వోల్డ్ గమనించిన లోపమే, ఊరు పల్లంలో ఉండటం, ఆ రాత్రి ప్రాణాలు తీసింది. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెన మన తరం వారికి గుర్తే. పది వేలకు పైగా ప్రాణాలు పోయాయి. డెల్టాలో భూమి ఇచ్చే నదీ, ప్రాణం తీసే సముద్రమూ పక్కపక్కనే ఉంటాయి.

ఇటువంటిదే మరో ఊరు

ఇలాంటి కథ మరో దేశంలోనూ ఉంది. ఇటలీ పడమటి తీరంలో, నేపుల్స్‌కు దక్షిణాన అమాల్ఫీ అనే చిన్న ఊరుంది. నిటారైన కొండల మధ్య ఒక ఇరుకు లోయలో ఉంటుంది. పొలానికి చోటు లేక జనం సముద్రం మీద బతికారు. వెయ్యేళ్ళ కిందట అది స్వతంత్ర నౌకా రాజ్యం. ఈజిప్టుతోనూ అరబ్బు రేవులతోనూ వర్తకం చేసింది. ఆ ఊరి వర్తకులు 11వ శతాబ్దంలో, ముస్లిం పాలకుల అనుమతితో, జెరూసలేంలో యాత్రికుల కోసం ఆసుపత్రి నెలకొల్పారు. మన రేవు నుంచి మక్కా యాత్రికులకు బియ్యం పోయినట్టే, ఆ రేవు నుంచి జెరూసలేం యాత్రికులకు వైద్యం పోయింది.

తరువాత నార్మన్లు ఆ ఊరిని లోబరచుకున్నారు. 1135, 1137లలో పీసా నౌకాదళం దోచుకుంది. 1343లో వచ్చిన ఘోరమైన తుఫానుకు దిగువ ఊరూ రేవూ చాలావరకు సముద్రంలో కలిసిపోయాయి. ఓడలు పోయాయి. అయినా అరబ్బుల ద్వారా నేర్చుకున్న కాగితం తయారీ మాత్రం ఊళ్ళో నిలిచింది. లోయలో పారే ఏటి నీటితో మిల్లులు ఆడించి, పాత గుడ్డల గుజ్జుతో కాగితం చేశారు. అక్కడ ఈనాటికీ చేతి కాగితం తయారవుతున్నది.

బందరులో మిగిలినవి

బందరుకూ అదే జరిగింది. ఓడలు పోయాయి, పని పోలేదు. పెడనలో కాలువ నీటి పక్కన నేటికీ బట్టలు ఉతుకుతున్నారు, అద్దుతున్నారు. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు లభించింది. చిలకలపూడి గిల్టు నగలు దేశమంతా పోతున్నాయి. కుతుబ్‌షాహీ పాలన పోయింది, డచ్చివారు పోయారు. డచ్చివారికి ఇక్కడ మిగిలింది 17వ శతాబ్దపు సమాధులున్న ఒక శ్మశానం.

ఊళ్ళో మిగిలిన మరో ఆస్తి చదువు. రాబర్ట్ నోబుల్ 1843లో ఇక్కడ బడి తెరిచారు. అదే నోబుల్ కళాశాలగా పెరిగింది. 1902లో కృష్ణా పత్రిక మొదలైంది. ముట్నూరి కృష్ణారావు గారి సంపాదకత్వంలో అది తెలుగువారికి పెద్ద బడి అయింది. 1910లో కోపల్లె హనుమంతరావు గారు మిత్రులతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల నెలకొల్పారు. అక్షరంతోపాటు చేతి పని కూడా నేర్పాలన్నది దాని ఆశయం. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు లక్ష రూపాయల మూలధనంతో ఇక్కడే ఆంధ్రా బ్యాంకును ప్రారంభించారు. అది దేశమంతా విస్తరించి, 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమయ్యే దాకా తన పేరుతో నడిచింది. 2008లో కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చింది.

ఈ తేదీలు గమనించండి. నోబుల్ బడి తప్ప మిగిలినవన్నీ 1864 ఉప్పెన తరువాత, రేవు నీరసించిన రోజుల్లో పుట్టినవే. సంపద ఉన్నప్పుడు కాదు, సంపద తగ్గినప్పుడు ఆ ఊరి పెద్దలు మనిషి మీద పెట్టుబడి పెట్టారు. సుంకాలతో, ఓడలతో వచ్చిన డబ్బు చేతులు మారింది. పనివాడి వేళ్ళలో, పిల్లవాడి బుర్రలో చేరినది మాత్రం తరువాతి తరానికి అందింది. పూడిక దానికి అడ్డం రాలేదు.

మళ్ళీ రేవు

ఇప్పుడు బందరులో మళ్ళీ రేవు మాట వినబడుతున్నది. 2023 మేలో మంగినపూడికి దగ్గరలో, తపసిపూడి వద్ద కొత్త ఓడరేవు పనులు మొదలయ్యాయి. పూర్వం దూరంగా ఆగిన ఓడను ఒడ్డుకు తేవాలంటే సముద్రపు అడుగున లోతుగా తవ్వి దారి చేయాలి, అది మళ్ళీ పూడకుండా ఎప్పటికప్పుడు తవ్వుతూనే ఉండాలి. నది మట్టి తేవడం మానదు గనక ఆ ఖర్చు ఏటా ఉంటుంది.

హైదరాబాదు నుంచి బందరు పోయే 65వ నంబరు జాతీయ రహదారి మన ఊళ్ళ పక్క నుంచే పోతున్నది. రేవు నడిస్తే సరుకు లారీలు చిల్లకల్లు, నందిగామ, కీసర దాటే పోతాయి. అప్పుడు మన పిల్లలు రోడ్డు పక్కన నిలబడి లారీలు లెక్కపెడతారా, లేక ఆ సరుకు లెక్కలు రాసే చోట కూర్చుంటారా? రేవుకు క్రేన్లు నడిపేవారు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, కస్టమ్స్ కాగితాలు తెలిసినవారు, గిడ్డంగి లెక్కలు చూసేవారు, కంప్యూటరు మీద సరుకు జాడ పట్టేవారు కావాలి. ఇవన్నీ ఐటీఐ, పాలిటెక్నిక్, కామర్స్ చదువులతో అందేవే. మన మెకానిక్కుల, తాపీ పనివారల, చిన్న దుకాణదారుల పిల్లలకు అందనంత ఎత్తులో ఏమీ లేవు. అయితే పదో తరగతి తరువాత ఫీజు కట్టలేక, బస్సు చార్జీలకు లేక, ఆడపిల్లను అంత దూరం పంపలేక ఆగిపోయేవారు ప్రతి ఏడాదీ మాకు కనబడుతున్నారు. రేవు తెరిచాక చదువు మొదలుపెడితే ఆ ఉద్యోగాలకు వేరే ఊళ్ళవారు అప్పటికే చేరి ఉంటారు.

దాతలకు మరో చిన్న విన్నపం. ఏడాదికి ఒకసారి ఒక బస్సు పిల్లలను బందరు తీసుకుపోవచ్చు. పొద్దున ధనబోడు చూసి, దారిలో కొండపల్లి కోటను చూపించి, బెజవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర ఆగి, 1855 నాటికి కట్టిన పాత ఆనకట్ట కథ, డెల్టా కాలువల కథ చెప్పవచ్చు. మధ్యాహ్నం పెడనలో బట్ట మీద అచ్చు పడటం కళ్ళారా చూపవచ్చు. ఆ అచ్చును ఒకసారి పిల్లల చేతికి ఇప్పించగలిగితే మరీ మంచిది. తరువాత డచ్చివారి సమాధులు, చివరకు మంగినపూడి ఒడ్డు. రాత్రికి ఇల్లు చేరవచ్చు. మా పాఠాలు పది గంటల్లో చెప్పలేనిది ఆ ఒక్క రోజు చెబుతుంది.

పిల్లలు మంగినపూడిలో నీటిలోకి దిగితే అడుగున నల్లమట్టి కాళ్ళకు అంటుతుంది. ఆ మట్టి ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడే వారిని అడగాలి. మునేరు, పాలేరు పేర్లు వారి నోటితోనే రావాలి.